నగరి కోమలి మూడంగలు

నగరిలో పవర్‌లూమ్‌లు వచ్చి ఊరంతా టకటకలాడుతున్న రోజుల్లో కూడా, స్టేషన్‌కు పోయే దారిలో ఒక వీధి మాత్రం పాత పద్ధతిలోనే ఉండేది. ఆ వీధిలో మూడిళ్ళ వాళ్ళు ఇంకా చేతిమగ్గాలు వదల్లేదు. పొద్దున్నే గంజి పట్టించిన నిలువు పోగుల పడుగుల్ని వీధి పొడవునా సాగదీసి ఆరబెట్టేవాళ్ళు. మూడు పడుగులు, మోకాలెత్తున, పక్కపక్కన. రెండింటి మధ్య ఒక మనిషి కాలు మోపేంత సందు. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పోవాలంటే వీధి చివరిదాకా నడిచి చుట్టుతిరిగి రావాల్సిందే.

ఎనిమిదో తరగతి చదివే కోమలికి అంత ఓపిక ఉండేది కాదు. వాళ్ళ నాయన గురప్ప పవర్‌లూమ్ షెడ్డులో లుంగీలు నేసేవాడు. తల్లి వరలక్ష్మమ్మ ఇంట్లో నూలు కండెలు చుట్టేది. ఒకరోజు బడికి ఆలస్యమైంది. పైగా కుడికాలి చెప్పు పట్టీ తెగింది. తెగిన చెప్పును చేత పట్టుకుని, సంచీ వీపుకు బిగించుకుని, పరుగెత్తుకుంటూ వచ్చి కోమలి మొదటి పడుగు మీదుగా ఎగిరింది. చెప్పు లేని కాలితో గులకరాళ్ళ మీద దిగడం ఇష్టంలేక, ఎగిరిన ఎడమకాలితోనే సందులో దిగింది. అదే కాలితో రెండో పడుగు దాటి ఈసారి తప్పక కుడికాలు మోపింది. మూడో పడుగు దాటి రెండు కాళ్ళమీదా అవతలి గట్టున పడింది. ఒక్క పోగు కదల్లేదు.

"ఓ గురప్ప కూతురా! పోగు తెగితే మీ నాయనొచ్చి అతకతాడా?" అని పడుగు దగ్గరున్న ముసలాయన కర్ర ఎత్తాడు.

అప్పుడే పక్కింటి అరుగు మీద కాఫీ గ్లాసుతో నిలబడి ఉన్న ఒకామె గబగబా దిగివచ్చింది. పేరు కృపారాణి. ఆడపిల్లల హైస్కూలుకు కొత్తగా వచ్చిన ఆటల టీచరు. శ్రీకాళహస్తి ఆమె సొంత ఊరు. నగరిలో చేరి వారం కూడా కాలేదు.

"పాపా, ఇప్పుడు చేసినావే, అది ఇంకొకసారి చెయ్యి" అంది.

"మళ్ళానా? తాత కొడతాడు టీచర్."

"నేను సూసుకుంటా. పెద్దాయనా, ఒక్కసారి! ఒక్కసారే!"

ముసలాయన ఏం జరుగుతోందో అర్థంకాక కర్ర దించాడు. కోమలి వెనక్కి వెళ్ళి మళ్ళీ పరుగెత్తుకొచ్చింది. ఎడమ, ఎడమ, కుడి, ధబ్బుమని గట్టు మీద. కృపారాణి టీచరు కాఫీ సంగతి మరిచిపోయింది. కాలేజీ రోజుల్లో తాను లాంగ్ జంప్ చేసిన మనిషి. ఎగిరిన కాలితోనే దిగి, ఆ తర్వాత కాలు మార్చమంటే పెద్ద పిల్లలు కూడా నెల రోజులు తడబడతారని ఆమెకు తెలుసు. ఈ పిల్లకు అది చెప్పు తెగినందువల్ల వచ్చిందని మాత్రం ఆమెకు చాలా ఏళ్ళ దాకా తెలియలేదు. తెలిసిన రోజు టీచరు కళ్ళల్లో నీళ్ళొచ్చేంతగా నవ్వింది.

బడి వెనక ఇసుక గుంట తవ్వించారు. సాయంత్రాలు కోమలి ఇంటికి వచ్చేసరికి జడలో, చెవుల్లో, జేబుల్లో అంతా ఇసుకే. వరలక్ష్మమ్మ వాకిట్లోనే నిలబెట్టి దులిపేది.

"ఆ మూడుసార్లు ఎగిరేదేందో ఒకేసారి ఎగిరి సావచ్చు గదా, మే!"

"ఒకేసారి ఎగిరేది లాంగ్ జంపు మా. ఇది ట్రిపుల్ జంపు."

"ఏ జంపైనా ఇసక మాత్రం నా ఇంట్లోనే పడతాండాది."

గురప్ప ఏమీ అనేవాడు కాదు. షెడ్డులో పదిమంది మధ్య పనిచేసి వచ్చేవాడికి ఇంట్లో మాటలు తక్కువ. కానీ చిత్తూరులో జిల్లా పోటీలకు కూతురు వెళ్ళిన రోజు, షెడ్డులో అందరికీ చెప్పి మరీ సెలవు పెట్టి, ఏడుకొండల వైపు తిరిగి దండం పెట్టుకుని, ఇంట్లోనే కూర్చున్నాడు. మైదానానికి పోవడానికి ధైర్యం చాలలేదు. కోమలి కప్పుతో వచ్చేసరికి ఆయన గడపలోనే ఉన్నాడు. "దెబ్బలేమీ తగల్లేదు గదా పాపా?" అన్నదే ఆయన మొదటి మాట. కప్పు వంక తర్వాతే చూశాడు.

ఇంటర్ తర్వాత కోమలి తిరుపతిలో డిగ్రీలో చేరింది. హాస్టల్లో ఉంటూ తెల్లవారగానే మైదానానికి పోయేది. శనివారం సాయంత్రం పాసింజరెక్కి నగరికి వచ్చి, ఆదివారం కృపారాణి టీచరు దగ్గర తప్పులు దిద్దించుకునేది. పరుగు ఎక్కడ మొదలుపెట్టాలో టీచరు నేర్పిన లెక్క చాలా సులువు. ఇసుక గుంట ముందు ఎగరడానికి కాలు మోపే పలక దగ్గర నుంచి మడమకు వేలికొన తాకిస్తూ వెనక్కి అడుగులు లెక్కపెట్టుకుంటూ పోవాలి. నూటపద్దెనిమిదో అడుగు దగ్గర నిలబడాలి. అక్కడినుంచి పరుగెత్తితే ఎడమకాలు కచ్చితంగా పలక మీద పడుతుంది. కోమలి వేసుకునేది టీచరు ఇచ్చిన పాత బూట్లు. కొంచెం పెద్దవి. ముందు వైపు దూది కుక్కుకునేది. ఆ బూట్లతోనే జూనియర్ జాతీయ పోటీల్లో బంగారు పతకం గెలిచింది. కొలంబోలో జరిగే పోటీకి ఎంపికైనట్టు ఉత్తరం వచ్చింది.

ఊరు ఊరంతా కదిలింది. వార్డు నాయకుడు మునిప్రసాద్ బస్టాండులో పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. అందులో మునిప్రసాద్ ముఖం బానంత, కోమలి ముఖం బొట్టంత. ఎక్కడో ఇంటర్నెట్లో దొరికిన బొమ్మకు ఆమె తల అతికించారు. ఆ బొమ్మలో ఉన్నది ఎత్తు దూకే మగవాడు. కింద "విశ్వవిజేత కోమలికి అభినందనలు" అని ఎర్రటి అక్షరాలు.

"అన్నా, నేనింకా పోనే లేదు" అంది కోమలి.

"పోతావు గదమ్మా. ముందు రాపిస్తే తప్పేముండాది?" అంటూ మునిప్రసాద్ ఒక పెట్టె చేతిలో పెట్టాడు. చెన్నై నుంచి తెప్పించిన కొత్త స్పైక్స్ బూట్లు. గులాబీ రంగు. పాదానికి అతికినట్టున్నాయి.

"ఇప్పుడే వేసుకుని ఒక వారం పరిగెత్తు. కొత్త బూట్లతో నేరుగా పోటీకి దిగొద్దు" అని కృపారాణి టీచరు గట్టిగా చెప్పింది. కోమలి తలూపింది. కానీ అంత అందమైన బూట్లను నగరి మట్టిలో తొక్కడానికి మనసొప్పలేదు. పండక్కి దాచుకునే పావడాలాగా పెట్టెలోనే ఉంచి, రోజూ ఒకసారి మూత తీసి చూసుకుని, పాత బూట్లతోనే సాధన చేసి విమానం ఎక్కింది.

కొలంబోలో ఆ మధ్యాహ్నం సముద్రం గాలి గట్టిగా వీస్తోంది. కోమలి గులాబీ బూట్లు తొడుక్కుని నూటపద్దెనిమిది అడుగులు లెక్కపెట్టి గుర్తు పెట్టుకుంది. పేరు పిలిచారు. పరుగెత్తింది. ఒళ్ళు దూదిపింజలా తేలిపోయింది. ఇంత బాగా ఎప్పుడూ ఎగరలేదనుకుంటూ ఇసుకలోంచి లేచి చూస్తే ఎర్రజెండా. పలకను దాటి దాదాపు మూరెడు ముందు కాలు పడిందట. మూరెడంటే ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. ఒక అడుగు వెనక్కి జరిగి మళ్ళీ పరుగెత్తింది. ఎర్రజెండా. ఈసారి నాలుగు వేళ్ళు. మూడోసారి కాళ్ళ మీద నమ్మకం లేక పలకను చూసుకుంటూ పరుగెత్తింది. పలకను చూస్తూ పరుగెత్తేవాళ్ళకు పలక దొరకదు. బొటనవేలు గీత దాటింది. ఎర్రజెండా.

మూడు ఫౌల్సయితే పోటీలోంచి బయటికే. ఫలితాల కాగితంలో ఆమె పేరు ఎదురుగా అంకె లేదు. విమానంలో కిటికీ వైపు తిరిగి కూర్చుని, బస్టాండులో ఉన్న ఫ్లెక్సీని తలుచుకుంది. దాన్ని గాలివాన వచ్చి చింపేసి ఉంటే ఎంత బాగుండునో అనుకుంది.

గాలివాన రాలేదు. చెన్నై నుంచి వచ్చిన రైలు నగరిలో ఆగేసరికి ప్లాట్‌ఫారం మీద మునిప్రసాద్ దండతో నిలబడి ఉన్నాడు. వెనక డప్పుల మేళం. అవతల జీపు.

"ఎన్నోదొచ్చినావమ్మా?"

"ఏదీ రాలా అన్నా. మూడూ ఫౌలే. లెక్కలోకే రాలేదు."

మేళం వాళ్ళు వాయించాలా వద్దా అని మునిప్రసాద్ ముఖంలోకి చూశారు. ఆయన ఒక్క క్షణం తల గోక్కున్నాడు.

"మన వీధినించి కొలంబో దాకా పోయినోళ్ళు ఎవురున్నారబ్బా? నేను పోయినానా? నువ్వు పోయినావా?" అని మేళగాళ్ళను గదమాయించాడు. "పోయొచ్చింది గదా! వాయించండి!"

దండ మెడలో పడింది. జీపు కదిలింది. సందు సందునా మేళం మోగుతుంటే, ఏమీ గెలవని కోమలి జీపులో నిలబడి చేతులూపాల్సి వచ్చింది. మొదట ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. బస్టాండు దగ్గరకు వచ్చేసరికి తన తల అతికించుకున్న ఆ మగమనిషి బొమ్మ ఎదురైంది. అవును, దగ్గరగా చూస్తే ఆ మెడ కింద మగవాడి ఛాతీ. కోమలికి నవ్వు ఆగలేదు. పొట్ట పట్టుకుని నవ్వింది. అది చూసి మునిప్రసాద్ నవ్వాడు, జీపు డ్రైవరు నవ్వాడు. గెలిచినా ఓడినా మళ్ళీ ఎగరాలన్న ఆశ ఆ జీపులోనే తిరిగొచ్చిందని కోమలి తర్వాత చాలామందికి చెప్పింది.

ఇంటికి వచ్చి అంతా చెప్పాక గురప్ప లేచాడు. పాత బూటు, కొత్త బూటు రెండూ తెచ్చి గోడకు మడమలు ఆనించి పక్కపక్కన పెట్టాడు. వంగి కన్ను దగ్గరగా పెట్టి చూశాడు.

"పాపా, ఈడ సూడు. కొత్తది పెసరగింజంత పొట్టి."

"పెసరగింజంతే గదా నాయనా."

"ఒక్క అడుక్కి పెసరగింజంత. నువ్వు వేసింది నూటపద్దెనిమిది. మగ్గంలో పోగులు పట్టే అచ్చు ఇంతే జరిగితే లుంగీ కొసకొచ్చేటప్పటికి మూరెడు వంకర పోతాది."

కోమలి కొత్త బూటు చేతిలోకి తీసుకుని చూసింది. మూరెడు! మొదటి జంపులో దాటింది అంతే. టీచరుకు ఫోన్ చేసి చెబితే, "మీ నాయనకు నా నమస్కారం చెప్పు. నేను నీకు అడుగులు నేర్పినాను గానీ బూట్ల సంగతి ఆలోచించలేదు" అంది.

గురప్ప అంతటితో వదల్లేదు. పడుగు దగ్గర కర్రెత్తిన ముసలాయన మగ్గం అడిగి తీసుకుని, రెండు వేళ్ళ వెడల్పున నూలు నాడా నేశాడు. నీళ్ళలో నానబెట్టి, ఎండబెట్టి, ఇక కుదించుకుపోదని తేలాక, మైదానానికి తీసుకుపోయి పలక నుంచి వెనక్కి పరిచాడు. కూతురు మైదానంలో పరుగెత్తడం ఆయన చూసింది ఆ రోజే మొదటిసారి. పరుగు మొదలయ్యే చోట ఎర్రదారంతో ముడి వేశాడు. కోమలి ఆ నాడాను చుట్టచుట్టి తనతోపాటు ఎన్ని దేశాలు తిప్పిందో లెక్కలేదు. బ్యాంకాక్ విమానాశ్రయంలో దాన్ని పూర్తిగా విప్పించి చూశారు. ముప్పై మీటర్ల పొడవూ నేలమీద పరుచుకుంటుంటే వెనక వరుసలో జనం దారిచ్చి పక్కకు తప్పుకున్నారు.

ఇరవై రెండో ఏట ఆటల కోటాలో రైల్వేలో టికెట్ కలెక్టరు ఉద్యోగం వచ్చింది. పోస్టింగు గూడూరు జంక్షన్. నిమ్మకాయల బస్తాల వాసనతో ప్లాట్‌ఫారమంతా పుల్లపుల్లగా ఉండేది. చేరిన కొత్తలో ఒకాయన టికెట్ అడగ్గానే రైలు దిగి పరుగు లంకించుకున్నాడు. కోమలి నల్లకోటుతోనే వెంబడించింది. ఆయన ప్లాట్‌ఫారం చివర్లో పేర్చిన మూడు వరుసల బస్తాలు చూసి ఒక్క క్షణం ఆగి, చుట్టుతిరిగి పోబోయాడు. కోమలి ఆగలేదు. బస్తాల మధ్య కాళ్ళు మోపుతూ ఆయన కంటే ముందు అవతలికి చేరి, ఎదురొచ్చి నిలబడింది. ఆయన ఆయాసపడుతూ చేతులు జోడించి, "నువ్వు టీసీవా తల్లీ, ఇంకేమన్నానా?" అన్నాడు.

"ట్రిపుల్ జంపర్ని. టికెట్ తియ్యండి" అంది కోమలి.

ఆ తర్వాతి అయిదేళ్ళూ ఆమెవే. దోహా, బ్యాంకాక్, జకార్తా. జకార్తాలో అయిదో ప్రయత్నంలో పదమూడు మీటర్ల ముప్పై ఒక సెంటీమీటర్లు ఎగిరి కాంస్యం గెలిచింది. అంతకంటే దూరం మళ్ళీ ఎప్పుడూ ఎగరలేదు. ఆ పతకం చూసి మునిప్రసాద్ మళ్ళీ ఫ్లెక్సీ కట్టించాడు. ఈసారి ఫొటో ముందుగా తనకు చూపించాలని కోమలి షరతు పెట్టింది.

ఇరవై ఏడో ఏట ఎడమ మడమ మొరాయించింది. ట్రిపుల్ జంపులో ఎగిరిన కాలిమీదే మళ్ళీ దిగాలి. పదమూడేళ్ళకు పైగా ఒంటి బరువంతా ఆ ఒక్క మడమ మీదే పడుతూ వచ్చింది. తిరుపతిలో డాక్టరు స్కాన్ చూసి, ఆ కాలితో ఎగిరి ఆ కాలిమీదే దిగడం ఇక మానుకోమన్నాడు. నడకకు ఏ ఇబ్బందీ ఉండదన్నాడు. నడవడానికి ఏముంది, ఎవరైనా నడుస్తారు అనుకుంటూ కోమలి బయటికొచ్చి బెంచీ మీద కూర్చుంది. కృపారాణి టీచరు అప్పటికి బదిలీ మీద శ్రీకాళహస్తికి వెళ్ళిపోయి ఉంది. ఆమెకు ఫోన్ చేసింది.

"డాక్టరు ఏ కాలు వద్దన్నాడు?"

"ఎడమకాలు టీచర్."

"కుడికాలి గురించి ఏమైనా అన్నాడా?"

"ల్యా టీచర్, ఏమీ అనలేదు."

"అట్లయితే ఆదివారం ఈడికి రా."

కుడిచేత్తో రాసేవాళ్ళను ఎడమచేత్తో కథ రాయమన్నట్టుంది ఆ పని. స్వర్ణముఖి ఏట్లో నీళ్ళు లేని చోట మెత్తటి ఇసుకలో టీచరు గీత గీసింది. కుడి, కుడి, ఎడమ. కోమలి పరుగెత్తుకొచ్చింది. అలవాటు కొద్దీ గీత దగ్గర ఎడమకాలే లేచింది. మళ్ళీ. ఈసారి కుడికాలితో ఎగిరి, ఏ కాలితో దిగాలో మరిచిపోయి, మొహం ఇసుకలో గుచ్చుకునేలా పడింది. ఆ ఆదివారం కూతురికి తోడుగా వచ్చిన వరలక్ష్మమ్మ గట్టున కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నవ్వుతాండావా మా?"

"లేదు మే! ఏడాది బిడ్డప్పుడు కూడా నువ్వు ఇట్లనే పడతాంటివి. అది యాదికొచ్చి..." అంటూ ఇక ఆపుకోలేక పకపకా నవ్వేసింది. టీచరూ నవ్వింది. నోట్లో ఇసుక ఉమ్ముకుంటూ కోమలీ నవ్వింది.

రెండేళ్ళు పట్టింది. మొదటి ఏడాది జిల్లా పిల్లలు కూడా ఆమెను దాటిపోయేవాళ్ళు. రైల్వే మీట్‌లలో పాత ప్రత్యర్థులు జాలిగా పలకరించేవాళ్ళు. కోమలి డ్యూటీలో ప్లాట్‌ఫారం మీద నిలబడి కూడా కుడికాలి మీద బరువు మోపడం అలవాటు చేసుకుంది. పళ్ళు తోమడం, మెట్లెక్కడం, బిందె ఎత్తడం, అన్నిటికీ కుడి వైపే ముందు. రెండో ఏడాది వర్షాకాలం అయిపోయాక ఒకరోజు కాలు ఆలోచించకుండా లేచింది. దిగింది. మారింది. ఇసుకలో పడ్డాక కోమలి లేవలేదు. అట్లాగే వెల్లకిలా పడుకుని ఆకాశంలోకి చూస్తూ, "వచ్చేసింది టీచర్!" అని అరిచింది.

ముప్పయ్యో ఏట తైపేలో పోటీకి పిలుపొచ్చింది. అక్కడ కుడికాలితో పదమూడు మీటర్ల రెండు సెంటీమీటర్లు ఎగిరి నాలుగో స్థానంలో నిలిచింది. పతకానికి ఏడు సెంటీమీటర్లు తక్కువ. పోటీ అయ్యాక కజకిస్తాన్ శిక్షకుడొకాయన దగ్గరకొచ్చి, పాత వీడియోల్లో ఆమె ఎడమకాలితో ఎగిరినట్టు గుర్తని, అది నిజమేనా అని అడిగాడు. నిజమేనని చెబితే నమ్మలేదు. ఆమె ఫోన్లో రెండు వీడియోలూ చూపించింది. ఆయన తన దగ్గరున్న అమ్మాయిలందరినీ కేకేసి పిలిచి చూపించాడు. తన బతుకులో అన్ని పతకాల కంటే ఆ నాలుగో స్థానమే ఎక్కువ సంతోషమిచ్చిందని కోమలి దాపరికం లేకుండా చెబుతుంది.

మరో రెండేళ్ళు ఎగిరింది. పోయిన చలికాలం సికింద్రాబాదులో రైల్వే పోటీలే చివరివి. ఆరో స్థానం. గెలిచిన పందొమ్మిదేళ్ళ కేరళ అమ్మాయి ఇసుకలోంచి లేస్తుంటే కోమలి చెయ్యి అందించింది. బూట్లలో ఇసుక దులుపుకుని, సంచీ భుజాన వేసుకుని, అందరికీ చెప్పేసి, మధ్యాహ్నపు రైలెక్కి గూడూరుకు ప్రయాణమైంది.

గూడూరులో ప్లాట్‌ఫారం మీద వరలక్ష్మమ్మ స్టీలు క్యారియరుతో కూర్చుని ఉంది. పక్కనే గురప్ప. క్యారియరు మూత తీస్తే నెయ్యి కారుతున్న పూర్ణం పోళీలు. ఇన్నేళ్ళూ బరువు పెరుగుతుందని కోమలి ముట్టనివి.

"ఇప్పుడు తినొచ్చు గదా? ఇంక ఎవురన్నా వద్దంటారా?" అంది తల్లి.

"ఎవురూ అనరు మా" అంటూ కోమలి బెంచీ మీద మఠం వేసుకుని కూర్చుని మొదటిది చుట్టి నోట్లో పెట్టుకుంది. గురప్ప నీళ్ళ సీసా మూత తీసి పక్కన పెట్టాడు. అవతలి ప్లాట్‌ఫారం మీదికి చెన్నై బండి వస్తోందని మైకులో చెబుతున్నారు. ఈరోజు ఆ బండి టికెట్లు వేరేవాళ్ళు చూసుకుంటారు. కోమలి రెండో పోళీ అందుకుంది.